వెనకింటి చంద్రకాంత దుంపలు

నా చిన్నప్పుడు ఒక వర్షాకాలమంతా మా ఇంటి వెనక గుమ్మానికి నాపరాళ్ళు అడ్డం పేర్చి ఉన్నాయి. మాచర్లకు దగ్గరి పల్లె మాది, నాపరాళ్ళకేం కొదవ? పెరట్లో పరిచినవీ అవే, ప్రహరీగా నిలబెట్టినవీ అవే, చివరికి గుమ్మం మూసినవీ అవే. ఎండ కాస్తే వేడి, వాన కురిస్తే జారుడు. ఆ రాళ్ళ మధ్య అటూ ఇటూ తిరగడమే నా పని.

ఆ యేడు పంచాయతీ ఎన్నికల్లో మా తాతయ్యదీ వెనకింటి వాళ్ళదీ చెరో పక్షం. కర్రలు లేచాయి. మా బాబాయి తల పగిలింది, వాళ్ళ వైపు ఒకతని చెయ్యి విరిగింది. మగవాళ్ళు గురజాల కోర్టు వాయిదాలకు తిరగడం మొదలుపెట్టారు. తాతయ్య వెనక గుమ్మానికి రాళ్ళు పేర్పించి, ఆడవాళ్ళూ పిల్లలూ గడప దాటకూడదని ఆజ్ఞ వేశాడు. ఆయన చెడ్డవాడేం కాదు. ముందు బజార్లో ఎదుటి పక్షం వాళ్ళు కూర్చుంటారు, ఎవడన్నా పిల్లను ఒక మాటంటే మళ్ళీ తలలు పగులుతాయని ఆయన భయం. ఆ భయంతో ఆయనా అరుగు దిగేవాడు కాదు. అయితే ఆ వయసులో నాకు ఇదంతా ఎక్కడ అర్థమవుతుంది? కోపమొచ్చి చచ్చేది.

ఎందుకంటే నా బడి వెనకింటి వాళ్ళ వీధిలోనే ఉంది. అంతకు ముందు మా వెనక గుమ్మంలోంచి వాళ్ళ పెరట్లోకి, వాళ్ళ వీధి తలుపులోంచి బడికి పరిగెత్తేదాన్ని. ఇప్పుడు గంట మాత్రం వినపడేది. ఏడో తరగతిలో ఉన్నాను. దసరా సెలవుల తర్వాత కూడా రాకపోతే పేరు కొట్టేస్తామని మాస్టారు కబురు పంపారు. మా ఇళ్ళలో ఒకసారి బడి మానిన ఆడపిల్లను మళ్ళీ చేర్పించిన వాళ్ళు లేరు. పేరు పోతే నా చదువు అక్కడితో సరి. పొద్దున గంట మోగితే గోడకు చెవి ఆనించి ఏడ్చేదాన్ని.

గొడవైన మర్నాడే తాతయ్య ఇంకో ఆజ్ఞ వేశాడు. వాళ్ళ సొమ్ము పూచికపుల్లయినా మనింట్లో ఉండకూడదు, అలాగని పారేశామన్న మాటా రాకూడదు, తిరిగి ఇచ్చేయాలి. జల్లెడ వెళ్ళింది, రోకలి వెళ్ళింది, ఎప్పుడో తెచ్చిన జాడీ మూత కూడా పాలేరు చేతిలో వెళ్ళింది. ఆయన కళ్ళు చివరికి గోడవార ఉన్న చంద్రకాంత మొక్కల మీద పడ్డాయి. ఆ దుంపలు వెనకింటి అత్త మా పెద్దమ్మకు ఇచ్చినవి. వాళ్ళిద్దరూ గుమ్మానికి చెరో పక్క కూర్చుని పూలు కట్టుకుంటూ సంసారాలు చెప్పుకున్న రోజుల నాటివి. తాతయ్య వాటిని పీకేయమన్నాడు. ఆ పని నాకు పడింది.

పీకడం పెద్దమ్మ దగ్గరుండి నేర్పింది. మొదలు దగ్గర పట్టుకుని మెలిపెట్టమంది, గుంజొద్దంది. కాడ తెగి చేతికొచ్చేది. పెరడు శుభ్రమైందని తాతయ్య సంతోషించేవాడు. ఒక వాన పడగానే మళ్ళీ పచ్చగా లేచేవి. మళ్ళీ పీకమనేవాడు, మళ్ళీ మెలిపెట్టేదాన్ని. ఇదేం మొండి మొక్కని విసుక్కునేవాడు. పెద్దమ్మ మాత్రం కడుగునీళ్ళు తెచ్చి సరిగ్గా అక్కడే పారబోసేది.

దసరా దగ్గరపడింది. నా కళ్ళ వాపు చూసిందో ఏమో, ఒక సాయంత్రం పెద్దమ్మ తలుపు చాటున నిలబడి నన్ను పిలిచింది. మా ఇంట్లో కోడళ్ళు మామగారితో ఎదురుగా మాట్లాడరు. ఆయనకు చెప్పాల్సింది ఆయనకు వినపడేట్టు పిల్లలకు చెబుతారు. తాతయ్య మంచం మీదే ఉన్నాడు.

"ఏమే, మీ తాతతో చెప్పు. పైన పీకితే ఇది పోయేది కాదు. దుంప లోపల భద్రంగా ఉంది. అది వాళ్ళ సొమ్మేనాయె. తవ్వి ఇచ్చొస్తాం, గుమ్మం తియ్యమను."

పెంటకుప్ప మీద పారేయమన్నాడు తాతయ్య, ఆయనా నాతోనే. పారేస్తే అక్కడా మొలుస్తుంది, మన పెంటకుప్ప మీద వాళ్ళ పూలేందని ఊరు నవ్వదా అంది పెద్దమ్మ. పాలేరు చేత బజారు దారిన పంపమన్నాడు. ఇంత ఉద్రిక్తతలో మనిషి చేతిలో బుట్ట చూస్తే లోపల ఏ కత్తులు తెచ్చాడో అనుకోరా అంది. తాతయ్య చానాసేపు మీసం దువ్వుకున్నాడు. తన మాటకు తనే చిక్కిపోయాడు పాపం. ఒక మనిషి పక్కకు తిరిగి పట్టేటంత మేర రాళ్ళు తీయించాడు.

పెద్దమ్మా నేనూ దుంపల బుట్టతో ఆ సందులోంచి దూరాం. వెనకింటి అత్త మమ్మల్ని చూసి చేతిలో పని వదిలేసి వచ్చింది. ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారు. అత్త దుంపలు తీసుకుని లోపలికెళ్ళింది. బుట్ట తిరిగి ఇచ్చినప్పుడు అందులో లిల్లీ గడ్డలున్నాయి.

ఇంటికొచ్చాక తాతయ్య చిందులు తొక్కాడు. ఇచ్చిరమ్మంటే తెచ్చుకోవడమేందన్నాడు. పరాయి గిన్నె ఉత్తదే తిరిగిస్తే కోడళ్ళను చీవాట్లు పెట్టిన మనిషి ఆయనే. బుట్ట ఉత్తదే ఎట్ట ఇస్తారని పెద్దమ్మ నాతో అనేసరికి ఆయన కండువా దులుపుకుని అరుగు మీదికి పోయాడు. గడ్డలు మర్నాడు వెనక్కి వెళ్ళాయి, కనకాంబరం నారు వచ్చింది. అత్త తక్కువదేం కాదు. ఆ తర్వాత మా బుట్ట తన దగ్గరే ఉంచుకుని, మెట్టతామర పిలకలు తన బుట్టలో పెట్టి పంపింది. వాళ్ళ బుట్ట మా ఇంట్లో, మా బుట్ట వాళ్ళింట్లో. ఇక దీనికి అంతెక్కడ? పెద్దమ్మ రానురాను నన్నొక్కదాన్నే పంపసాగింది.

సెలవులు అయిపోయిన పొద్దున పెద్దమ్మ నా పుస్తకాలు అత్త బుట్టలో అడుగున పెట్టి, పైన అరిటాకు కప్పింది. బుట్ట అత్తకిచ్చి అటునుంచటే బడికి పొమ్మంది. గుమ్మం దాకా వచ్చాను. అక్కడ తాతయ్య మంచం వేసుకుని కూర్చున్నాడు. నన్ను ఆపి ఆకు ఎత్తాడు. పుస్తకాలు చూశాడు. అయిపోయింది నా చదువు అనుకున్నాను.

ఆయన లేచి గోడవారకు వెళ్ళాడు. మూలన రాళ్ళ చాటున పెద్దమ్మ పీకించకుండా, తవ్వకుండా వదిలిన మొక్కలు కొన్ని పూసి, కాయలు కట్టాయి. మిరియాల్లాంటి ఆ నల్ల గింజలు ఆయనే దోసిట్లోకి ఏరి తెచ్చి నా పుస్తకాల మీద పోశాడు.

"వాళ్ళ బుట్ట ఉత్తదే పంపమాకని మీ పెద్దమ్మకు చెప్పు" అన్నాడు.

ఆ మాట చెప్పడానికి నేను వెనక్కి పోలేదు. తలుపు చాటున పెద్దమ్మ వింటూనే ఉంది. రాళ్ళ సందులోంచి ఒక్క పరుగు తీశాను.

ఇప్పుడు నరసరావుపేటలో రెండో అంతస్తులో ఉంటున్నాను. మోకాళ్ళు మొరాయించి కిందికి దిగడం తగ్గింది, గోడలు మళ్ళీ దగ్గరికి జరిగినట్టుంటుంది కొన్ని రోజులు. వసారాలో కుండీ నిండా చంద్రకాంతే. వేసవిలో ఎండి మాయమవుతుంది, తొలకరికి తనే లేస్తుంది. పొరుగువాళ్ళ డబ్బా ఉత్తదే తిరిగి ఇవ్వడం నా వల్ల కాదు. ఎవరితోనైనా మాటలు ఆగిపోతే, నాలుగు రోజులు ఉక్రోషంతో ఊరుకుని, ఆ తర్వాత వాళ్ళది ఏదన్నా మా ఇంట్లో ఉందేమోనని వెతుక్కుంటాను. ఏదో ఒకటి ఉండనే ఉంటుంది.