ఎర్రగీత పడని మాటలు

ఆ రోజుల్లో కంప్యూటరంటే మాకు భయం కాదు, అనుమానం. భయమైతే దణ్ణం పెట్టి దూరంగా ఉండేవాళ్లం. అనుమానం కాబట్టి పక్కనే కూర్చుని ఓ కంట కనిపెట్టేవాళ్లం. నేను టైపు హయ్యర్ పాసై, పామర్రు నుంచి రోజూ బస్సులో బెజవాడ వచ్చి, పొలం మోటార్లమ్మే ఓ చిన్న ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు కొట్టేదాన్ని. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. అంతలో నా టైపు మిషను తీసేసి, దాని చోట కంప్యూటరు పెట్టారు. మొదటి ఉత్తరం కొట్టగానే నేను పుట్టిన పామర్రు పేరు కింద వంకరటింకర ఎర్రగీత పడింది.

మా హెడ్ గుమాస్తా గారిని అందరం బాబాయి గారనేవాళ్లం. ఆయన కళ్లజోడు పైకి తోసి ఆ గీతని చాలాసేపు చూశారు. "తప్పులు పట్టేస్తోందమ్మాయ్. ఊరికే పట్టదు, లోపల రాసుకుంటుంది. సాయంత్రం మేనేజరు గారు తలుపేసుకుని చూసేది అదేగా!" అన్నారు గొంతు తగ్గించి. (కంప్యూటరు వింటుందని ఆయన అనుమానం.) నిజమే, అందరం బయల్దేరే వేళకి మేనేజరు గారు తన గదిలోని కంప్యూటరు ముందు కూర్చునేవారు. అద్దంలోంచి చూస్తే ఓసారి నుదురు కొట్టుకునేవారు, ఓసారి నిట్టూర్చేవారు. అవన్నీ నా తప్పులేనని నాకు రూఢి అయిపోయింది. ఇంకెవర్నైనా అడగొచ్చుగా అంటారేమో. హయ్యర్ పాసైనదాన్ని, అడుగుతానా?

అడక్కుండా నేనో ఉపాయం కనిపెట్టాను. ఎర్రగీత పడే మాట రాయకపోతే సరి! మన ఊళ్ల పేర్లు దానికి ఒక్కటీ గిట్టేవి కావు. అందుకని మైలవరం డీలరు గారి ఊరు 'పడమటి పట్నం' అయింది. అక్కడితో ఆగినా బాగుండేది. కూచిపూడిలో డీలర్ల మీటింగు పెట్టారు. నేను ఇంగ్లీషులో నిక్షేపంగా 'నాట్యానికి పేరుపొందిన గ్రామంలో కలుసుకుందాం, తప్పక రండి' అని కొట్టి పంపాను. ఉత్తరంలో ఒక్క ఎర్రగీత లేదు. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మూడోనాడు ఫోన్లు మొదలయ్యాయి. "ఏవండీ, డాన్సు ప్రోగ్రామంట కదా, మా ఆవిడా పిల్లలూ కూడా రావచ్చాండీ?" అని ఒకరు. "మోటార్లమ్మేవాళ్లకి ఇవేం సరదాలండీ?" అని ఇంకొకరు. మేనేజరు గారు నన్ను పిలిచారు. ఉద్యోగం పోయిందనుకుంటూనే గదిలోకి వెళ్లాను.

"ఏమ్మా, కూచిపూడి అని రాయడానికి ఏమొచ్చింది నీకు?"

"ఎర్రగీత వస్తోందండీ."

"వస్తే?"

"మీరు రోజూ సాయంత్రం చూస్తారు కదండీ, నా తప్పులు. నుదురు కొట్టుకుంటారు కూడానండీ..." అనేసరికి ఏడుపొచ్చేసింది.

ఆయన మొహం కందగడ్డయింది. తలుపు వంక చూసి, గొంతు తగ్గించి, "అది పేకాటమ్మా. ఒక్కణ్ణే ఆడుకుంటాను. ఎప్పుడూ ఓడిపోతాను" అన్నారు. ఇప్పుడు ఎవరి పరువు ఎవరు కాపాడాలో తెలియక నేను గబగబా కళ్లు తుడుచుకున్నాను. చివరికి ఆయనే లేచి నా సీటు దగ్గరికొచ్చి, "దానికి మన ఊళ్లు తెలీవమ్మా, అంతే. నువ్వే చెప్పు" అంటూ మాటని ఎలా నేర్పాలో చూపించారు. నేను పామర్రు అని కొట్టి, ఆయన చెప్పిన చోట నొక్కాను. గీత మాయమైంది.

బాబాయి గారు మాత్రం నమ్మలేదు. "ఊరి పేరు కూడా చెప్పేశావా? ఇహ ఇంటికే వస్తుంది" అన్నారు. (ఇవాళ నా ఫోను నేనెక్కడున్నానో అడిగినప్పుడల్లా ఆయన మాటలో ఎంతో కొంత నిజముందనిపిస్తుంది.) కానీ ఆ సాయంత్రం నాకవేమీ పట్టలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, కండక్టరు రాగానే, బస్సంతా తిరిగి చూసేలా "పామర్రు!" అన్నాను. ప్రపంచానికి ఆ ఊరిని నేనే పరిచయం చేసినట్టు తలెత్తుకు కూర్చున్న ఆ పిల్ల తలపుకొస్తే, ఇప్పటికీ నాకు నవ్వొస్తుంది. కాస్త అసూయ కూడాను.