ఊళ్ళకి మెకానిక్కుల్ని ఇచ్చిన మేస్త్రీ గారు

బెజవాడ నుంచి వచ్చిన మధ్యాహ్నం బస్సు మా ఊళ్ళో ఆగగానే కండక్టరు దిగి నేరుగా నా కొట్టుకి వచ్చాడు. "గవర్నర్‌పేట మేస్త్రీ గారు పోయారండీ. ఈ పొద్దున షెడ్డు తలుపులు తీసి కుర్చీలో కూర్చున్నారంట, మళ్ళీ లేవలేదంట" అన్నాడు. నా ముందు ఒక ఆయిలింజను విప్పి ఉంది. దాని తాలూకు రైతు నా ముఖం చూసి, "నువ్వు వెళ్ళిరా బాబూ, చేను ఒక్కరోజు ఆగుతుందిలే" అన్నాడు. అదే బస్సు తిరిగి వెళ్తుంటే ఎక్కాను.

ఆయన మీలో చాలామందికి తెలియరు. పేపర్లో పడే మనిషి కారు. గవర్నర్‌పేటలో ఒక ఇరుకు సందులో రేకుల షెడ్డు వేసుకుని, పొలాలకి నీళ్ళు తోడే ఇంజన్లు బాగుచేసేవారు. నాకు పని నేర్పింది ఆయనే.

మాది చల్లపల్లి దాటి సముద్రం వైపు వెళ్తే వచ్చే శివారు ఊరు. పై ఊళ్ళన్నీ తడిశాక మిగిలితేనే కాలువ నీళ్ళు మాదాకా వస్తాయి. నేను ఎస్సెల్సీ తప్పిన ఏడు మా నాన్న, "ఈ ఉప్పు నేలతో నువ్వు కూడా ఎందుకురా కొట్టుకోవడం, బెజవాడ వెళ్ళి ఏదైనా పని చూసుకో" అని నన్ను పంపాడు. అలా మేస్త్రీ గారి షెడ్డులో చేరాను.

మేస్త్రీ గారు ఇంజన్ని ముందు వినేవారు, తర్వాతే చూసేవారు. స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకునేవారు. మమ్మల్నీ అలాగే వినమనేవారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు, మొదటినుంచీ మళ్ళీ విప్పించేవారు. అంతకంటే తిట్టినా బాగుండేదనిపించేది.

రెండేళ్ళకి పని పట్టుబడింది. బెజవాడలోనే ఒక లారీల యజమాని నన్ను పనిలోకి రమ్మన్నాడు. ఎగురుకుంటూ వెళ్ళి మేస్త్రీ గారికి చెప్పాను.

"వెళ్తానంటే నేను ఆపను. ఒక్కటి చెప్పు. మీ ఊళ్ళో ఇంజను ఆగిపోతే ఏం చేస్తారు?" అని అడిగారు.

"బండెక్కించి ఇక్కడికి తెస్తారండీ."

"బాగై వెళ్ళేసరికి?"

"నాలుగైదు రోజులవుద్దండీ."

"అన్నాళ్ళూ చేను ఏమైపోవాలి?"

నేను తల దించుకుని స్పానర్లు తుడవసాగాను. "ఇక్కడ నువ్వు వందో మెకానిక్కువి. అక్కడ మొదటివాడివి. ఒక్క పంట ఉండి చూడు. కుదరకపోతే నీకు ఇక్కడ పని నేనే వెతికిపెడతాను" అన్నారు.

నాకు కోపం వచ్చింది. నేను బాగుపడటం ఆయనకి ఇష్టం లేదేమోనని కూడా అనుకున్నాను. ఆ సంగతి ఇవాళ రాయడానికి సిగ్గుగా ఉంది.

అయినా మాట కాదనలేకపోయాను. ఆ ఆదివారం ఆయనే నన్ను వెంటబెట్టుకుని మా ఊరు వచ్చారు. టీకొట్టు దగ్గర ఒక పెద్దమనిషి నవ్వాడు. "మూడు ఇంజన్లున్న ఊరికి మెకానిక్కెందుకండీ?"

"మెకానిక్కు లేడు గనకే మూడే ఉన్నాయండీ" అన్నారు మేస్త్రీ గారు.

మా నాన్న మాత్రం నవ్వలేదు. "మట్టి వదిలించుకోమని పంపితే మళ్ళీ మట్టిలోకే తెచ్చారేంటండీ" అన్నాడు. "మీవాడి చేతిలో ఇప్పుడు పనుందండీ. ఆ పని మీకే కావాలి" అని ఆయన బస్సెక్కి వెళ్ళిపోయారు. ఆ తర్వాత రెండు నెలలు నాన్న నాతో సరిగా మాట్లాడలేదు.

వరి పొట్ట మీదున్నప్పుడు కాలువ ఎండింది. పొలాల మురుగుకాలువ నుంచి నీళ్ళు తోడుతున్న ఇంజను ఒకటి ఆగిపోయింది. రైతు అప్పటికే బండి కట్టేశాడు.

"కాస్త ఆగు బాబాయ్, నేను చూస్తా" అన్నాను.

"నీ చేతిలో ఇంకా పాడైతే?"

"పాడైతే నేనే బండి తోలుకెళ్తా."

డీజిల్లో నీళ్ళు కలిశాయి. డీజిల్ చిమ్మే నాజిల్ పూడుకుపోయింది. గట్టు మీద గోనెపట్టా పరుచుకుని అన్నీ విప్పి, కడిగి, బిగించేసరికి పొద్దు వాలింది. ఊరు సగం అక్కడే నిలబడింది. హ్యాండిల్ తిప్పాను. రెండుసార్లు దగ్గి ఊరుకుంది. మూడోసారి అందుకుంది. నీళ్ళు బోదెలో పడగానే గుంపులోంచి మా నాన్న దిగి, ఎవరిదో పార అందుకుని, పరాయి చేలోకి నీళ్ళు మళ్ళించడం మొదలుపెట్టాడు.

ఆ ఇంజను ఎలా బాగుచేశానో మేస్త్రీ గారికి రెండు పేజీల ఉత్తరం రాశాను. జవాబుగా కార్డు వచ్చింది: "ఇంజను సంగతి తెలిసింది. వరి నిలబడిందో లేదో రాయలేదు." వరి నిలబడిందని మళ్ళీ రాశాను. లారీల యజమాని దగ్గరికి నేను వెళ్ళలేదు. ఇప్పుడు మా ఊళ్ళో ఇంజన్లు ఎన్నో చెప్పాలంటే వేళ్ళు చాలవు. నా దగ్గర నేర్చుకున్న ఇద్దరు వాళ్ళ ఊళ్ళలోనే కొట్లు పెట్టుకున్నారు.

కబురు తెలిసిన ఆ సాయంత్రం నేను బెజవాడ చేరేసరికి మేస్త్రీ గారి ఇంటి ముందు సందు నిండా మనుషులు. అందరి గోళ్ళలోనూ నల్లటి గ్రీజే. ఆయన భార్య, అమ్మగారు, గుమ్మం పక్కన కూర్చుని ఉన్నారు. షెడ్డులో పని నేర్చుకున్న మాలో చాలామందిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు. దగ్గరికి వచ్చిన ప్రతివాడినీ, "ఏ ఊరు బాబూ?" అని అడుగుతున్నారు.

"ఘంటసాల అమ్మా."

"కోడూరండీ."

"బంటుమిల్లి అవతలండీ."

నా వంతు వచ్చింది. నేనూ మా ఊరి పేరు చెప్పాను. ఆవిడ తల ఊపి, నా వెనకవాడి వైపు చూశారు. వరస సందు మలుపు దాటి, మెయిన్‌రోడ్డు దాకా ఉంది.