ఒక్కసారి లేచి ఆగాలి

గుడివాడ నుంచి బందరు వెళ్లే బస్సులో నా పక్క సీటాయన కుదుపు వచ్చినప్పుడల్లా కళ్లు మూసుకుని "ఒకటి" అంటున్నాడు. ఒక్కోసారి "రెండు" అని ముఖం చిట్లిస్తున్నాడు.

ఏం లెక్కపెడుతున్నారని అడిగాను.

"గుంటలో పడ్డ బండి ఒక్కసారి లేచి ఆగాలండీ. రెండోసారి ఊగిందంటే షాకబ్జర్లు పోయినట్టే."

ఆయన కార్ల మెకానిక్కట. అంతకుముందు వేసవిలో ఆయన బావమరిది, స్నేహితులు కృత్తివెన్ను దగ్గర ఎండగట్టిన రొయ్యల చెరువులో డబ్బాలు నిలబెట్టి, వాటి మధ్య మెలికలు తిప్పుతూ కారు పందెం పెట్టుకున్నారు. "మలుపులో ఒరుగుతోంది బావా, ఇంకొంచెం బిగించు" అని బావమరిది అడిగితే, ఈయన స్ప్రింగులు ఒక చుట్టు కోసి కారుని కిందికి దించాడు.

"మూల మూలా నొక్కి చూశానండీ. ఒక్కసారే లేచి ఆగింది. బండి చూశాను గానీ నేల చూడలేదు. పైన పెచ్చు ఎండింది, కింద బురద అలాగే ఉంది. చక్రం దిగబడి పల్టీ కొట్టింది. మా ఆవిడకి వాడొక్కడే తమ్ముడు."

పెడనలో దిగాడు. బస్సు ముందువైపుకి నడిచి, దాని మూలని రెండు చేతులతో నొక్కి, వదిలి, కాసేపు చూశాడు. అంత బస్సూ ఏం కదులుతుంది?

ఇప్పుడు మా అమ్మాయి కారు తీసినప్పుడల్లా నేను బానెట్ మూల నొక్కి వదులుతాను. కారు ఒక్కసారి లేచి ఆగుతుంది.

"బానే ఉందిగా నాన్నా" అంటుంది.

మాది సిమెంటు వాకిలే. అయినా కాలితో నొక్కి చూస్తాను.