క్యారేజీకి అద్దాల పెట్టె

గియాసుద్దీన్ ఇరవై ఆరేళ్లు భూమి కింద పనిచేశాడు. మెల్‌బోర్న్ నగరం అడుగున, మూడు ఎస్కలేటర్ల లోతున ఉన్న స్టేషన్‌లో ప్లాట్‌ఫారం మనిషి. రైలొస్తే జనాన్ని పసుపు గీత వెనక్కి జరగమనడం అతని పని. అతను చేరినప్పుడు అట్టముక్క టికెట్లుండేవి. తర్వాత కార్డులొచ్చాయి. గడియారం ఆగింది, మార్చారు, మార్చినదీ ఆగింది. మారనిది ఒక్కటే: ప్లాట్‌ఫారం చివర గోడకున్న ఇనుప కొక్కెం, దానికి వేలాడే అతని క్యారేజీ.

నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. పెళ్లికి అత్తగారు గుంటూరు పట్నంబజారులో కొని, ప్రతి గిన్నె మీదా తెలుగులో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించింది: మసూదా, గియాసుద్దీన్. ఇద్దరి పేర్లూ కలిసి ఉన్న వస్తువు ఇంట్లో అదొక్కటే.

మోకాలి ఆపరేషన్‌కని ఆరు వారాలు సెలవు పెట్టి, ఉద్యోగంలో చివరి వారానికి తిరిగొచ్చేసరికి, కొక్కెం చుట్టూ అద్దాల పెట్టె ఉంది. లోపల క్యారేజీ. పక్కన ఇత్తడి పలక: "స్టేషన్ తొలినాటి అమరిక. ఉపయోగం తెలియదు."

స్టేషన్ చరిత్ర రాయిస్తున్నారట. రాస్తున్నది కిరణ్మయి, సిడ్నీ పక్కన పారమట్టాలో పెరిగిన తెనాలివాళ్ల అమ్మాయి. గియాసుద్దీన్ ఆమెకు గిన్నెల మీది పేర్లు చూపించాడు. ఆమె కూడబలుక్కుంటూ చదివింది.

"చదివావు కదమ్మా. మరి నాదేగా?"

"మీదే అంకుల్. నాకు తెలుసు, ఫైల్‌కి తెలీదు. హెరిటేజ్ లిస్ట్‌లో ఎక్కాక ఎవరూ టచ్ చెయ్యకూడదు, నాతో సహా."

క్యారేజీ స్టేషన్ తొలినాటిదని రాసేశారు కనుక, అది తనదనాలంటే స్టేషన్ తెరిచిననాటికే అతను ఉద్యోగంలో ఉన్నట్టు రుజువు కావాలంది. ఆనాటికి అతను గుంటూరులో డిగ్రీ తప్పుతున్నాడు. దానికి మాత్రం రుజువుంది.

నగరం శివార్లలో, వెర్రిబీలో ఇంటికెళ్లి చెబితే మసూదా అంతా విని ఒక్క మాటంది.

"శుక్రవారంతో రిటైరవుతారు. ఆ రోజు మీరు లేటయినా పర్లేదు, క్యారేజీ మాత్రం ఇంటికి రావాలి."

సెలవుకు ముందు పై గిన్నె ఒకటి ఇంటికొచ్చి, ఆవకాయతో ఇంట్లోనే ఉండిపోయింది; మిగతా మూడూ కొక్కేనికే ఉండిపోయాయి. దాన్నే రుజువుగా పట్టుకెళ్లమంది. రుజువైనా వట్టి గిన్నె పంపుతారా? గోంగూర మాంసం నింపి పంపింది.

కిరణ్మయి ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని శ్రద్ధగా తింది. తర్వాత గిన్నె కొలతలు తీసుకుంది, పేర్లు సరిపోల్చింది, కడిగి తుడిచి తిరిగివ్వబోయింది. గియాసుద్దీన్ చెయ్యి చాచలేదు.

"ఖాళీగా ఇస్తున్నావేంటమ్మా? మీ అమ్మ చెప్పలా? ఒకరింటి గిన్నె వట్టిది తిరిగివ్వరు. చిటికెడు పంచదారైనా వేసిస్తారు. గిన్నె ఖాళీగా ఉండకూడదు."

కిరణ్మయి పెన్ను తీసింది. "ఇంకోసారి చెప్పండి అంకుల్, స్లోగా."

అతను చెప్పాడు. స్లోగానే చెప్పాడు.

శుక్రవారం పొద్దున స్టేషన్ చరిత్ర కమిటీ నుంచి కాగితం వచ్చింది. క్యారేజీ గియాసుద్దీన్‌దేనని ఒప్పుకున్నారు. ఉపయోగం కూడా ఇప్పుడు తెలిసింది. తెలిశాక వస్తువును దాని ఆచారం ప్రకారమే, ఉన్నచోటే కాపాడాలి. కనుక గిన్నెలు ఖాళీగా ఉండరాదు. రోజూ నింపాలి. నింపినది పాడవకముందే తినాలి. తినవలసినది యజమాని. పెట్టె తాళంచెవి కాగితానికి జతచేశారు.

కేకు కోశారు. అందరూ చేతులు కలిపారు. సాయంత్రం అతను క్యారేజీ లేకుండా ఇంటికొచ్చి, గుమ్మంలోనే కాగితం చదివి వినిపించాడు.

"మనదేనని రాశారా?" అంది మసూదా.

"రాశారు."

"రెండు పేర్లూ?"

"రెండూ. నీదే ముందు."

ఆమె శనివారం కూడా రైళ్లుంటాయా అని అడిగి, మర్నాటి కూరకు చింతపండు నానబెట్టడానికి లేచింది.

ఇప్పుడు రోజూ పన్నెండున్నరకు గియాసుద్దీన్ మూడు ఎస్కలేటర్లూ దిగుతాడు. పెట్టె తెరిచి, మూడు గిన్నెల్లోని నిన్నటిది తింటాడు. తర్వాత ఇంటి నుంచి తెచ్చిన నాలుగో గిన్నెలోంచి మూడింటిలోకీ తలా ఇంత వడ్డిస్తాడు. జనం చుట్టూ మూగి చూస్తారు. రైలొస్తే, నోట్లో ముద్ద ఉన్నా సరే, ఎడమచెయ్యి ఎత్తి వాళ్లను గీత వెనక్కి జరగమంటాడు.

అతను వెళ్లేటప్పుడు కిరణ్మయి పైన కాఫీకొట్టు నుంచి పంచదార పొట్లం ఒకటి తెచ్చి నాలుగో గిన్నెలో వేస్తుంది. వెర్రిబీలో మసూదా ఆ పొట్లాలకోసం ఒక డబ్బా పెట్టింది. అది నిండింది. రెండోది పెట్టింది.