నాన్న కుడి మోకాలు

ఇవాళ ములకలపల్లి సంతలో ఇప్పనూనె వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. నేస్తాలూ, చిన్నప్పుడు మనం బడికి వెళ్లిన బస్సు గుర్తుందా? దాని డ్రైవర్ మా నాన్న. అంతకుముందు కలకత్తా క్లబ్బులో ఫుట్‌బాల్ ఆడేవాడు. కుడి మోకాలు దెబ్బతిని ఇంటికొచ్చాడు. రోజూ పొద్దున్నే అమ్మ ఆ మోకాలికి ఇప్పనూనె కాచి రాసేది.

ఒక రోజు బడికి వెళ్తుంటే అడవి దిగుడులో మలుపు తిరగగానే రోడ్డంతా పశువులు, వాటి ముందు ఒక ముసలమ్మ. మీరంతా కేకలు పెట్టారు. నేను నాన్న మోకాలినే చూస్తున్నా. అది గజగజ వణికింది. పాదం మాత్రం బ్రేకు మీంచి లేవలేదు. బస్సు ముసలమ్మకు జానెడు దూరంలో ఆగింది.

నాన్న హ్యాండ్‌బ్రేకు లాగి, "బిడ్డా, కాలు వస్తలేదు. జర ఎత్తు" అన్నాడు. రెండు చేతులతో ఎత్తాను.

కలకత్తాలో నాన్న కొట్టిన గోల్స్ నేను చూడలేదు. ఆయన ఆట గురించి ఎవరైనా అడిగితే ఆ బ్రేకు గురించే చెప్తాను.