శుక్రవారం వంట నాది

ఖతర్‌లోని మెసయీద్ లేబర్ క్యాంపులో మా గదికి వంట వంతులుండేవి. శుక్రవారం నాది. తొంభైల్లో గల్ఫ్‌కు పోయిన మా కరీంనగర్ మగవాళ్లలో చాలామంది అక్కడికి చేరాకే గరిటె పట్టారు, నేనూ అంతే. నా వంటకు వంకలు పెట్టడం కాకాకు కాలక్షేపం. ఆయన నాకు చుట్టమేం కాదు, వయసులో పెద్దవాడని గదంతా అలా పిలిచేది.

ఆ శుక్రవారం పొద్దున కూడా పొయ్యి దగ్గరికొచ్చి గిన్నెలోకి తొంగిచూశాడు. "నీ పప్పు గోడలకు పూసెతందుకు పనికొస్తది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది.

"పెట్టింది తిని సావుండ్రి!" అని అరిచాను. మా అమ్మ మమ్మల్ని రోజూ అనే మాటే అది. మేమెవరమూ చావలేదు.

మిగతావాళ్లు దోహా బజారుకు వెళ్లి హోటల్లోనే తినేసి వచ్చారు. గదిలో తిన్నది నేనూ కాకానే. తిన్నాక ఆయన ఎడమ భుజం రుద్దుకుంటూ, "గ్యాస్ వట్టినట్టుంది" అని జీలకర్ర నీళ్లు తాగి పడుకున్నాడు. మాకు ఛాతీలో నొప్పంటే గ్యాస్, చేతిలో నొప్పంటే పైపులు మోసిన నొప్పి. గుండెజబ్బు షావుకార్లకు వచ్చే రోగమనుకునేవాళ్లం. మర్నాడు డ్యూటీకి లేపితే కాకా లేవలేదు.

పోలీసులొచ్చి శవాన్ని దోహాకు తీసుకుపోయారు. వాళ్లు వెళ్లగానే గదిలో ఒకడు అడిగాడు, "ఏం వెట్టినవ్ ఆయనకు?"

"నేను గూడ గదే తిన్న."

"నువ్వు తింటుంటే సూశిందెవరు?"

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఆ తర్వాత ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు గానీ, నేను మంచినీళ్లిస్తే దాహం లేదనేవారు. వంట దగ్గరికి వెళ్తే "నువ్వు కూసో, మేం వండుతం" అని గరిటె తీసుకునేవారు. మంచం మీద గోడవైపు తిరిగి తినేవాణ్ణి. పక్కన కాకా మంచం ఖాళీ. కొట్లాడటానికైనా నాకు మనిషి లేకుండా పోయాడు.

పోస్టుమార్టం చేస్తారని తెలిసి అందరూ "అయ్యో, కోస్తరా" అని బాధపడ్డారు. తొందరగా కొయ్యాలని నేను దేవుడికి మొక్కుకున్నాను. ఇష్టమైన మనిషి ఒంటిమీద కత్తి పడాలని మొక్కుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

చివరికి క్యాంప్ బాస్ రిపోర్టులో ఏముందో అందరి ముందూ చెప్పాడు. గుండెకు రక్తం పోయే నాళం మూసుకుపోయిందట. కడుపులో విషమేమీ లేదు. గుండె మీద పాత మచ్చ కూడా కనిపించిందట. అంటే ముందెప్పుడో ఒకసారి గుండెపోటు వచ్చి తగ్గిపోయింది. దాన్ని కూడా గ్యాసే అనుకుని డ్యూటీకి పోయుంటాడు మా కాకా.

అందరూ తలలూపారు. ఇక గండం గడిచిందనుకుని తర్వాతి శుక్రవారం గిన్నెనిండా పప్పు వండాను. "మేం హోటల్ల తిన్నం" అన్నారు. నేనొక్కణ్ణే తిని, మిగిలింది పారబోశాను.

శవం ఊరికి చేరి దినాలయ్యాక, కాకా భార్య నాతో మాట్లాడాలంటోందని కబురొచ్చింది. నా అరుపు ఆమె చెవిన పడిందనే అనుకున్నాను. ఊళ్లో ఎస్టీడీ బూత్‌కు ఆమెను పిలిపించమని చెప్పి ఫోన్ చేశాను.

"దుబాయిల ఆయనకు వండిపెట్టింది నువ్వేనా బిడ్డా?" మా ఊళ్లో గల్ఫ్ దేశమేదైనా దుబాయే.

"నేనే చిన్నమ్మా."

"ఆ పొద్దు కడుపునిండ తిన్నడా?"

"తిన్నడు. పప్పు రెండోసారి ఏసుకున్నడు."

ఆమె ముక్కు చీదుకోవడం వినిపించింది. తర్వాత అంది, "ఫోన్ జేసినప్పుడల్ల చెప్తుండె, ఆ పిలగాడు నీకంటె మంచిగ వండుతడని. నాకు కోపమొస్తుండె. నీ చెయ్యి సల్లగుండ బిడ్డా."

ఇక్కడ నా బూత్ బయట వరుసలో ఉన్నవాళ్లు "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ అద్దం మీద కొడుతున్నారు. నేను రిసీవర్ పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడుస్తున్నాను.

"నాతోని ఒక్కనాడన్న అనలే చిన్నమ్మా" అన్నాను.