పెద్దమ్మ చెవి తెంపింది ఎవరు?

మా చిన్నప్పుడు రొంపిచెర్లలో మా పెద్దమ్మ మండుటెండల్లో కూడా పైట తల నిండా కప్పుకునే తిరిగేది... ఎడమ చెవి ఎవరికీ కనపడకూడదని. ఆ చెవి తమ్మె నిలువునా రెండుగా చీలిపోయి ఉండేది.

అడిగితే "కంపకు తగులుకుంది" అనేది. ఎవరూ నమ్మలేదు. అమ్మమ్మ అసలే నమ్మలేదు. పెద్దనాన్నకు కోపం ఎక్కువ... ఆయనే జూకా పట్టి లాగాడని ఆమె అనుమానం. ఆయన వస్తే మొహం తిప్పుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేది. అది చూసి నేనూ ఆయన దగ్గరికి పోయేదాన్ని కాదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు, నరసరావుపేటలో ఒక డాక్టరు చీలిన చెవులు కుడుతున్నాడని విని పెద్దమ్మ బయల్దేరింది.

"చెవి కుట్టేదేంది, అదేమన్నా రవికా? ఇన్నేళ్ళు లేంది ఇప్పుడెందుకు? గుర్తు లేకుండా చెయ్యాలని ఆయనే పంపిస్తన్నాడు" అని గొణిగింది అమ్మమ్మ. నన్ను పక్కకు పిలిచి, "ఒసే, నువ్వు గూడా పో. డాక్టరుతో ఏం చెప్పుద్దో జాగర్తగా ఇను" అంది.

డాక్టరు చెవి దగ్గర మాత్రమే మత్తు సూది వేశాడు. పెద్దమ్మ మెలకువగానే ఉంది. చీలిక అంచుల్ని సన్నగా కోసి, పచ్చి చేసి, అప్పుడు రెండూ కలిపి కుట్టాడు. అలా చెయ్యకపోతే అతుక్కోదట. కుడుతూ అడిగాడు...

"ఎట్లా తెగిందమ్మా? ఎవరన్నా లాగారా?"

తలుపు పక్కనున్న నేను ఇంకాస్త దగ్గరికి జరిగాను.

"చంటిపిల్ల సార్. ఏడుస్తుంటే ఎత్తుకున్నా. జూకా పట్టుకోని గుంజింది."

"మీ పాపేనా?"

"మా చెల్లెలి కూతురు. మూడోది గూడా ఆడపిల్లేనని అప్పటికే ఇంట్లో అందరూ మొహాలు మాడ్చుకోనున్నారు. ఇది గూడా తెలిస్తే దాన్ని మాటల్తో బతకనిస్తారా? మా ఆయనే చెప్పొద్దన్నాడు. అనుకుంటే నన్నే అనుకోనీలే అన్నాడు."

మా అమ్మకు మూడో కూతుర్ని నేనే...

ఇంటికి రాగానే అమ్మమ్మ గుమ్మంలోనే పట్టుకుంది. "ఏం చెప్పిందే?"

"నేనే లాగానంట అమ్మమ్మా... పసిదాన్నప్పుడు."

"ఈ మాట నీకెవరు నేర్పారే?" అంది. నన్ను కూడా నమ్మలేదు!

 రెండు రోజుల తర్వాత అమ్మమ్మ పెద్దమ్మను పెరట్లోకి తీసుకెళ్ళి చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం మాత్రం పెద్దనాన్నకు తనే అన్నం వడ్డించింది.

"ఇంకాస్త పెరుగేసుకో అబ్బయ్యా" అంది.

ఆయన తలెత్తకుండా తిన్నాడు.

ఇప్పుడు చెవి కుట్టించుకోవడం చాలా మామూలైపోయింది... ఎలా తెగిందని అడిగేవాళ్ళే లేరు. ఎవరి మీదన్నా అనుమానం వస్తే మాత్రం సాయంత్రానికల్లా ఊరంతా ఫోన్లలో తిరిగిపోతుంది. తనది కాని తప్పును ఎనిమిదేళ్ళు నెత్తిన వేసుకుని నోరు మెదపని మనిషి నాకు మళ్ళీ తారసపడలేదు.

"పెద్దనాన్నా, తప్పయిపోయింది" అని ఆయన ఉండగా చెప్పలేకపోయాను...

మీరూ అలా ఊరికే అనుమానించిన మనిషి ఎవరన్నా ఉంటే, ఆ మనిషి మీకు ఏమవుతారో ఇక్కడ రాయండి. నాకు కాస్త తోడుగా ఉంటుంది.